లెక్కకు రాని మేక వెండ్రుకలు

పిల్లల వేసవి శిబిరం ముగిసే ముందు శనివారం మేము జరుపుకునే కుటుంబ దినాన, వేలంపాట మైకు మోగడం మొదలుకాగానే నా మనసు బైబిలులోని నిర్గమకాండము 35వ అధ్యాయానికి, ఎడారిలో దేవుని ప్రత్యక్షపు గుడారం కట్టడానికి మోషే పిలుపు మీద ఇశ్రాయేలీయులు కానుకలు తెచ్చిన చోటికి పోతుంది. అక్కడ కూడా ముక్కరలు, పోగులు, ఉంగరాలు, తావళాలు తెచ్చినవారి దగ్గర ఆగదు. 26వ వచనంలో మేక వెండ్రుకలు వడికిన స్త్రీల దగ్గరికి వెళ్ళి కూర్చుంటుంది. ఆ వచనం మీద ఒక్క ఆదివారపు ప్రసంగం కూడా నేను వినలేదు. కానుకల మాట వస్తే మనకు, తనకున్నదంతా వేసిందని యేసు మెచ్చుకున్న బీద విధవరాలి రెండు కాసులే గుర్తుకొస్తాయి; ఆ రెండు కాసుల కథ చెప్పి పెద్ద నోట్లు అడుగుతాం.

మా శిబిరం సంగతి తెలిసినవారికి కొత్తగా చెప్పేదేమీ లేదు. అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో, సెలవులకు ఖాళీగా ఉన్న ఒక బడి ఆవరణలో ఎనిమిది రోజులు పిల్లలుంటారు. వారిలో సగానికి పైగా, వానలు లేక వేరుశనగ పండక తల్లిదండ్రులు బెంగళూరుకు కూలిపనులకు పోతే అవ్వతాతల దగ్గర పెరుగుతున్నవారు. వాళ్ళను రుసుము అడగలేము గనుక బియ్యానికీ కందిపప్పుకూ పుస్తకాలకూ అయ్యే ఖర్చంతా కుటుంబ దినమే మోయాలి. ఆ రోజు పొద్దున ఆరాధన, పిల్లల పాటలు, వాక్యాలు కంఠతా చెప్పడం, తరువాత ఉగ్గాని బజ్జీల, ఓళిగల అంగళ్ళు, మధ్యాహ్నం కోతకాల పండుగలో లాగే వేలంపాట. వేలంపాటను నేను తప్పుపట్టడం లేదు. మా తాతల కాలం నుంచి గుమ్మడికాయలూ కోళ్ళూ అలాగే ప్రభువు పనికి డబ్బుగా మారుతూ వచ్చాయి.

నాకు కష్టంగా ఉండేది దాని వెంట నడిచే తంతు. ఒకాయన గుమ్మడికాయను ఐదు వేలకు పాడితే ఆయన పేరు, ఆయన ఉద్యోగం, ఆయన భార్య ఉద్యోగం, కొడుకు అమెరికాలో ఏ ఊళ్ళో ఉన్నాడన్నది కూడా మైకులో మూడుసార్లు వినబడుతుంది. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం, ఫోటో తీస్తాం. మే నెల ఎండలో మనిషికి శాలువా ఎందుకో నాకింతవరకు అర్థం కాలేదు. వెనక వరుసలో కొంగుముడి విప్పి ఇరవై రూపాయలు కవరులో పెట్టిన ఆమెకు మాత్రం ‘ఇంకా ఎవరైనా ఉన్నారా, చేతులు బిగించకండి’ అన్న మాట దక్కుతుంది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న వాక్యాన్ని ఆ పొద్దునే పిల్లల చేత కంఠతా చెప్పించి, మధ్యాహ్నానికి ఎడమచేతికి మైకు ఇస్తున్నాం.

ఇక వచనానికి వస్తాను. వివేకం గల స్త్రీలు నీల, ధూమ్ర, రక్తవర్ణాల నూలునూ సన్నపు నారనూ తమ చేతులతో వడికి తెచ్చారని 25వ వచనం చెప్పేసింది. వడికినవారి మాట అంతటితో సరిపోయేది. అయినా మేక వెండ్రుకలు వడికినవారికి విడిగా ఇంకొక వచనం ఇచ్చి, అక్కడ జ్ఞానంతోపాటు హృదయపు ప్రేరేపణను కూడా కలిపి చెప్పారు. యూదుల పూర్వపండితులు ఈ తేడాను వదిలిపెట్టలేదు. ఆ స్త్రీలు వెండ్రుకలను మేకల ఒంటి మీద ఉండగానే వడికారని వారి ధర్మచర్చల గ్రంథమైన తల్మూదులో ఒక మాట ఉంది. 11వ శతాబ్దపు లేఖన వ్యాఖ్యాత రాషీ కూడా అదే చెప్పి, అది మామూలు పనితనం కాదన్నాడు. అది అక్షరాలా అలాగే జరిగిందా అన్న వాదంలోకి నేను పోను గానీ, ఒక్క క్షణం కుదురుగా నిలబడని మేక పక్కన కదురు పట్టుకుని కూర్చున్న ఆ స్త్రీని తలుచుకుంటే నాకు ప్రార్థన వస్తుంది.

వాళ్ళు వడికిన పోగులు ఏమయ్యాయో 26వ అధ్యాయంలో ఉంది. లోపలి సన్ననార తెరలు పది, ఒక్కొక్కటి 28 మూరల పొడవు. మేక వెండ్రుకల తెరలు పదకొండు, ఒక్కొక్కటి 30 మూరలు. ఎక్కువగా ఉన్న ఆ రెండు మూరలే ఇటొక మూర, అటొక మూర వేలాడి లోపలి పనితనాన్ని కప్పాయి. వాటి పైన ఇంకా పొట్టేళ్ళ తోళ్ళ కప్పు, మరొక తోళ్ళ కప్పు ఉన్న మాట నిజమే. అయితే లేఖనం లోపలి నారబట్టను మందిరమనీ, ఈ వెండ్రుకల బట్టను మందిరంపై గుడారమనీ వేరువేరు పేర్లతో పిలుస్తుంది; హెబ్రీలో కూడా ఒకటి మిష్కాన్, రెండోది ఓహెల్. ప్రత్యక్షపు గుడారమని ఇన్ని తరాలుగా మనం పలుకుతున్న పేరులో గుడారమన్న మాట ఆ మేక బొచ్చుకు చెందింది. ఎడారిలో ఇప్పటికీ ఆ బట్టతో గుడారాలు వేసుకునేవారు చెప్పేదేమిటంటే, ఎండలో దాని నేత వదులై గాలి ఆడుతుంది, తడిస్తే పోగులు ఉబ్బి నీటిని లోపలికి రానివ్వవు. కెరూబులను, అంటే రెక్కలున్న దేవదూతల రూపాలను, అల్లిన నీలిరంగు తెరలు లోపల చెక్కుచెదరకుండా ఉండడంలో పేరులేని ఆ చేతుల పాలెంతో ఆలోచించండి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ సేపు నిలబెట్టేది 38వ అధ్యాయం. మోషే ఆజ్ఞ ప్రకారం అహరోను కుమారుడైన ఈతామారు చేతికింద గుడారానికి వచ్చినవాటి లెక్క రాశారు. తలాంతు, షెకెలు అనే హెబ్రీ తూకాల్లో బంగారం 29 తలాంతుల 730 షెకెలులు, వెండి 100 తలాంతుల 1,775 షెకెలులు, ఇత్తడి 70 తలాంతుల 2,400 షెకెలులు. ఆ వెండి ఇచ్చిన పురుషులు 6,03,550 మంది అని తలల లెక్క కూడా ఉంది. కాబట్టి లెక్కలు రాయడం విశ్వాసలోపమనేవారితో నేను ఏకీభవించను; దేవుని సొమ్ముకు రశీదు ఉండాలి, ఖర్చు అందరికీ చూపాలి. కానీ ఆ అధ్యాయమంతా వెతికినా మేక వెండ్రుకల తూకం కనబడదు. ఎంతమంది స్త్రీలు వడికారో కూడా లేదు. తూగేవాటికి తూకం రాసి, తూకానికి అందని పనికి మూడు అధ్యాయాల ముందే ‘వడికిరి’ అని ఒక్క మాట రాసిపెట్టారు.

నేను ఆ ఒక్క మాట కూడా రాయలేదు. నాలుగేళ్ళ కిందట కుటుంబ దినాన లెక్క పుస్తకం నా చేతిలో ఉంది. పేరు, ఊరు, మొత్తం, సంతకం అని నాలుగు గళ్ళు గీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక అవ్వ మనవడి చెయ్యి పట్టుకుని వచ్చి, చంకలోని నల్ల కంబళిని నా ముందు పెట్టింది. చేతికి గరుకుగా తగిలింది. నేతకు పట్టించిన చింతగింజల గంజి వాసన ఇంకా పోలేదు. ఒక అంచున ఎర్రపోగు రెండు వరుసలు నడిచింది. మా కంబళి గొర్రెబొచ్చుది, గుడారం మేక వెండ్రుకలది అన్న తేడా నాకు తెలియక కాదు, ఆమె వేళ్ళను చూశాను గనుక చెబుతున్నాను. ‘దీనికి ఎంతని రాయాలవ్వా?’ అని అడిగాను. ‘ఎంతని ఏముంది నాయనా, ఇంట్లో బొచ్చే గదా, నేనే వడికినా’ అంది.

మొత్తం గడిలో ఏం రాయాలో తోచక దాన్ని బల్ల కింద పెట్టాను. వేలంపాటలో పైకి తీయబోతే, ఈ ఎండల్లో కంబళి ఎవరు పాడతారని మైకు దగ్గరి సోదరుడు పక్కన పెట్టించాడు. నేనూ నవ్వాను. సాయంత్రం బస్సు ఎక్కేముందు ఆ అవ్వ మళ్ళీ వచ్చి ‘రాసినావా నాయనా?’ అని అడిగింది. ‘రాసినానవ్వా’ అన్నాను. రాయలేదు. కంబళిని వేపాకు వేసి పుస్తకాల పెట్టెలో పెట్టాం. మరుసటి ఏడు శిబిరం మూడో రాత్రి ఒక పిల్లవాడు చలిజ్వరంతో వణుకుతుంటే, పెట్టెలో అదొకటి ఉందని ఎవరికో గుర్తొచ్చి తీసి కప్పారు. తెల్లవారేదాకా వాడు దాని కింద నిద్రపోయాడు. అవ్వకు కబురు చేద్దామంటే ఆమె పేరు గానీ ఊరు గానీ పుస్తకంలో లేదు.

కడపలో లండన్ మిషన్ వారు పని మొదలుపెట్టింది 1822లో. రెండు వందల ఏళ్ళు దాటిన తరువాత మన గుళ్ళ గోడల మీద దాతల పేర్లతో చలువరాతి పలకలు చాలానే ఉన్నాయి. పూటపూటా ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి మోసుకొచ్చి సంఘాలను బతికించిన స్త్రీల పేర్లు మాత్రం నేను ఏ పలక మీదా చూడలేదు.

కాబట్టి ఈ శనివారం వచ్చేవారికి నా విన్నపాలు కొన్ని ఉన్నాయి. ఎవరెంత ఇచ్చారన్నది మైకులో చదవవద్దు. రశీదు చేతికివ్వండి, మొత్తం లెక్క ఆదివారం నోటీసుబోర్డు మీద పెడదాం. శాలువాల డబ్బుతో ఇంకొక బియ్యం బస్తా వస్తుంది. ఖర్చుకు తగినంత రాగానే వేలంపాట ఆపేద్దామని కూడా పెద్దలను అడిగాను. వాళ్ళు నవ్వారు గానీ, తెచ్చింది చాలు ఇక తేవద్దని మోషే పాళెమంతా చాటించిన సంగతి 36వ అధ్యాయంలోనే ఉంది, చదువుకోవచ్చు. నా పుస్తకంలో ఈసారి ‘తెచ్చినది’ అని ఐదో గడి గీశాను. పచ్చడి సీసా తెచ్చినా, పూట వంటకు చెయ్యి వేసినా, పేరూ ఊరూ అడిగి అందులో రాస్తాను. వంటకు సాయం చేసేవారు ఆరింటికల్లా రండి. ఎర్రగడ్డలు రెండు బస్తాలున్నాయి, కత్తులు మాత్రం నాలుగే; ఎవరి కత్తి వాళ్ళు తెచ్చుకోండి.