చర్ల నుంచి వచ్చాక పట్టుకున్న జ్వరం

ఇప్పుడు బాగానే ఉన్నా. అడిగినవాళ్ళందరికీ ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నా, కోపం కూడా ఇంకా పోలేదు.

మేం కొంతమంది ఫ్రెండ్స్ హైదరాబాద్ నుంచి భద్రాచలం ఏజెన్సీలోని చర్ల మండలం గూడేలకి వెళ్తుంటాం. పిల్లల చదువు మేం చూస్తాం, మాతో వచ్చే మెడికోలు బీపీ, రక్తహీనత చూస్తారు. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఏ పిల్ల బడి మానేసింది అని చెప్పేది మాత్రం అక్కడి ఆశా అక్క, స్కూల్ సార్. వాళ్ళు లేకపోతే మేం వెళ్ళీ లాభం లేదు.

పోయిన వానాకాలం వెళ్ళొచ్చి వారం దాటాక జ్వరం మొదలైంది. డెంగ్యూ నెగెటివ్, ప్లేట్‌లెట్లు తగ్గాయి, వైరల్ అన్నాడు మా దగ్గర్లోని డాక్టర్. ఏజెన్సీకి వెళ్ళొచ్చానని చెప్పా కూడా. "ఈ రోజుల్లో మలేరియా ఎక్కడుందండీ, సెలవు రోజు ఇంట్లో ఉండకుండా అడవులు పట్టుకు తిరిగితే ఇంతే" అని నవ్వాడు. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఈ సికింద్రాబాద్‌లోనే, ఇక్కడ కూర్చుని ఒక్క రక్తం చుక్క చూపించడానికి ఈయనకేం అడ్డమొచ్చింది?

ఆ సాయంత్రం పిల్లల నోటుబుక్కుల గురించి ఆశా అక్క ఫోన్ చేస్తే అమ్మ ఎత్తి ఏడ్చేసింది. "చలి పెట్టి వస్తుందా అమ్మా? చెమట పోసి దిగుతుందా? గోలీలతోని ఆగకుండ్రి, తమ్మికి మలేరియా పరీక్ష చేపియ్యుండ్రి, పెద్ద మలేరియా అయితే తలకెక్కుతది" అందట. డాక్టర్ చెప్పాక ఆశా వర్కర్ మాట వింటామా అని బావ కొట్టిపారేశాడు.

అర్ధరాత్రి రెండు రగ్గులు కప్పినా వణుకు ఆగలేదు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, కాసేపటికి ఒళ్ళు కాలిపోయింది, ఎదురుగా ఉన్న అమ్మని పట్టుకుని ఎవరు నువ్వు అని అడిగానంట, నాకేమీ గుర్తులేదు. అమ్మ భద్రాద్రి రామయ్యకి మొక్కుకుని, బావతో "కారు తియ్యి" అని అరిచింది.

వేరే ఆస్పత్రిలో వేలికి సూది గుచ్చి మలేరియా కిట్ పెట్టారు, ఇరవై నిమిషాల్లోపే తేలింది, ఫాల్సిపారం, అదే అక్క చెప్పిన పెద్ద మలేరియా. ఆర్టిసునేట్ ఇంజక్షన్లు, తర్వాత మాత్రలు. ఆ డ్యూటీ డాక్టరమ్మకి చేతులెత్తి దండం పెడతా.

అలాంటి కిట్టే గూడెంలో ఆశా అక్క సంచిలో ఉంటుంది! ఆమెకి స్థిరమైన జీతం కూడా లేదు, చేసిన పనికి ఇంత అని పారితోషికం ఇస్తారు. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

సేవలు మానెయ్ అంటున్నాడు బావ. మాననన్నా. కొత్తగా వచ్చే వాలంటీర్లకి ముందు అక్కే జ్వరాల గురించి చెప్పేలా మాట్లాడుకున్నాం, రాత్రి దోమతెర లేకుండా ఎవరూ పడుకోకూడదు. మీరు కూడా ఏజెన్సీ నుంచి వచ్చిన నెలలోపు చలిజ్వరం వస్తే ఎక్కడికెళ్ళొచ్చారో డాక్టర్‌కి ముందే చెప్పండి, వైరల్ అన్నా సరే మలేరియా టెస్ట్ అడగండి, నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయించండి.