రోజుకు 312 రూపాయల విదేశం

డబ్బు పెద్దగా లేకుండా విదేశం చూడాలని ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది నేపాల్ గురించే. వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్ లేకపోయినా ఓటరు కార్డు చాలు, రైలూ బస్సూ పట్టుకుని వెళ్ళిపోవచ్చు. 2019 నవంబర్‌లో నేనూ మా పిన్ని కొడుకూ అలాగే వెళ్ళాం. వాడి డిగ్రీ అప్పుడే అయింది, నా చేతిలో పది రోజుల సెలవుంది, ఇద్దరి దగ్గరా కలిపి పదిహేను వేలున్నాయి.

బెజవాడలో రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. స్లీపర్ టికెట్ ఏడెనిమిది వందల దాకా పడింది. అమ్మ కట్టిచ్చిన పులిహోర నాగపూర్ దాకా వచ్చింది, ఆ తర్వాత అరటిపళ్ళు, పల్లీలు, స్టేషన్లలో పూరీ కూర. మర్నాడు గోరఖ్‌పూర్‌లో దిగితే ప్లాట్‌ఫారం ఎంతకీ తరగదు, 1,366 మీటర్లట, అప్పటికి ప్రపంచంలో అదే పొడవైనది. ఆ రాత్రి స్టేషన్ దగ్గర ఒక ధర్మశాలలో పడుకుని పొద్దున్నే సరిహద్దు ఊరు సునౌలీకి బస్సెక్కాం.

తప్పు జరిగింది ఇక్కడే. అంతకు ముందు ఏడాది డిసెంబర్ నుంచి నేపాల్లో మన వంద నోటు కంటే పెద్దవి చెల్లకుండా చేశారు. ఆ సంగతి తెలిసే బ్యాంకులో ఒక వందల కట్ట అడిగాను, లేదంటే సరేలే అనుకుని సగం డబ్బు ఐదు వందల నోట్లలోనే తెచ్చుకున్నాను. సరిహద్దుకు ఇవతలే ఒక దుకాణంలో వాటిని వందలుగా మార్పిస్తే ఒక్కో నోటుకీ కమిషన్ పట్టుకున్నాడు. కాఫీ టిఫిన్లలో ఆదా చేసుకుంటూ వచ్చిందంతా ఐదు నిమిషాల్లో పోయింది. మీరు వెళ్ళే ముందు ఏ నోట్లు చెల్లుతున్నాయో కనుక్కోండి, చిన్న నోట్లు మాత్రం ఇంటి దగ్గరే పోగు చేసుకోండి. మారకం లెక్క సులువు, మన రూపాయికి వాళ్ళ రూపాయి అరవై పైసలు, 1993 నుంచీ అదే రేటు.

గేటు దాటగానే ఒకతను వచ్చి లుంబినికి బస్సుల్లేవు, టాక్సీ ఒక్కటే దారి అన్నాడు. మావాడు నా మొహం చూశాడు. నేను పక్కన టీ కొట్టాయన్ని అడిగితే భైరహవా వెళ్ళండి, అక్కడ బస్సు దొరుకుతుంది అన్నాడు. నాలుగు కిలోమీటర్లు, రిక్షాలో వెళ్ళాం, బస్సు నిలబడే ఉంది. నా అలవాటు ఇది: బండి ఉన్నవాణ్ణి దారి అడగను, టీ అమ్మేవాళ్ళనే అడుగుతాను.

లుంబినిలో బుద్ధుడు పుట్టిన చోటికి ఉత్తరాన పెద్ద కాలువ ఒకటి ఉంది. దానికి ఒక పక్క బౌద్ధంలో థేరవాద శాఖ పాటించే దేశాల ఆరామాలు, ఇంకో పక్క మహాయాన శాఖ దేశాలవి. జపాన్ వాస్తుశిల్పి కెంజో టాంగే వేసిన ప్లాన్ అది, 1978లో ఖరారైంది. కొన్ని ఆరామాల్లో యాత్రికులకు గదులిస్తారు. మేం కొరియా వాళ్ళ ఆలయంలో దిగాం. అప్పట్లో మనిషికి రోజుకు ఐదు వందల నేపాలీ రూపాయలు, అంటే మన 312, అందులోనే మూడు పూటలా భోజనం. గదిలో నేల మీద పరుపు, దోమతెర, ఒక దుప్పటి, అంతే. అంతకంటే ఏం కావాలి చెప్పండి.

భోజనానికి గంట కొడతారు. వరసలో నిలబడి ఎవరికి వాళ్ళే వడ్డించుకోవాలి. అన్నం, పల్చటి చారు లాంటిది, ఉడికించిన ఆకుకూర, క్యాబేజీతో ఎర్రగా కిమ్చీ. మావాడు కిమ్చీ నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "అన్నా, ఇది నూనె వెయ్యని ఊరగాయే" అన్నాడు. నిజమే, కారం మనకు చాలదు గానీ ఆ పులుపు అన్నంలోకి బాగా పట్టింది, మూడు రోజులూ రెండోసారి వేసుకున్నాం. తిన్నాక ఎవరి కంచం వాళ్ళే కడిగి బోర్లించాలి. మొదటి రోజు నా పక్కన కంచం కడుగుతున్న పెద్దావిడ నా కంచం అంచు కింద అంటుకున్న మెతుకుని వేలితో చూపించింది, ఒక్క మాట కూడా అనలేదు. నేను మళ్ళీ కడిగాను.

రెండో రోజు నుంచి పొద్దున్నే వంటింటి దగ్గరికి వెళ్ళి ఏమైనా పని ఉందా అని సైగలతో అడిగాం. ముల్లంగి తరగడానికి కత్తి ఇచ్చారు, మావాడికి చీపురు. ఆ డబ్బుకి మూడు పూటలా అన్నం ఎలా పెడుతున్నారు? ఎవరో ఎక్కడో దానం ఇస్తున్నారు, ఎవరో కూలి లేకుండా వండుతున్నారు. తక్కువలో తిరగడం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు, నాకు అదే బాధ. విపశ్యన ధ్యాన శిబిరాలైతే ఉచితమే కదా, అక్కడ పది రోజులు ఉండి ఊరు చూసి రావచ్చా అని ఒక స్నేహితుడు అడిగాడు. వద్దన్నాను. అది ధ్యానానికి కూర్చునేవాళ్ళ కోసం ఇంకొకరు కట్టిన డబ్బు.

బుద్ధుడి తల్లి మాయాదేవి ఆలయం పక్కన అశోకుడి స్తంభం ఉంది. సైకిళ్ళు అద్దెకు తీసుకుని సాయంత్రం వెళ్ళాం, దారిలో పొలంలో రెండు సారస కొంగలు మనిషంత ఎత్తున నడుస్తున్నాయి. అమరావతి శిల్పాల్లో మాయాదేవి చెట్టు కొమ్మ పట్టుకుని నిలబడే దృశ్యం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఆ సంఘటన జరిగింది ఇక్కడ అనుకుంటే ఒళ్ళు జలదరించింది. స్తంభం మీద బ్రాహ్మీ లిపిలో నాలుగున్నర వరసలు. పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట రాజు తానే వచ్చి పూజ చేశాడని, బుద్ధుడు పుట్టిన ఊరు కాబట్టి లుంబినికి పన్ను తీసేసి పంటలో ఎనిమిదో వంతు మాత్రం కట్టమన్నాడని ఉంది. మావాడు పక్కనున్న బోర్డు రెండుసార్లు చదివాడు.

కాఠ్మండు గురించి ఎక్కువ చెప్పను. బస్సులో పది గంటలు ఎముకలు కదిలిపోయాయి. మా టికెట్ మీద సంవత్సరం 2076 అని ఉంది, మీరూ అలాంటిది చూస్తే కంగారుపడకండి, వాళ్ళది విక్రమ శకం. గడియారం కూడా మనకంటే పావుగంట ముందుంటుంది, ఆ పావుగంట మర్చిపోయి తిరుగు బస్సు దాదాపు తప్పిపోయేదే. పశుపతినాథ్‌లో మనవాళ్ళకి టికెట్ లేదు, పాత రాజభవనాలుండే దర్బార్ స్క్వేర్లలో సార్క్ (దక్షిణాసియా) దేశాల వాళ్ళకిచ్చే తక్కువ రేటు. యాత్రికులు ఎక్కువగా దిగే థమేల్ పేటలో పది మంది పడుకునే గదిలో మంచం, రెండు పూటలా దాల్ భాత్. పప్పు, కూర అడిగినంత వేస్తారు.

ఇంటికొచ్చి లెక్క చూస్తే రైలు ఛార్జీలతో సహా మనిషికి ఏడు వేల చిల్లర అయింది. అందులో ఒక పద్దు మావాడిది. లుంబిని నుంచి బయల్దేరే రోజు వాడు జేబులో నోట్లన్నీ మంచం మీద పరిచి లెక్కపెట్టి, వాటిని ఎనిమిది భాగాలు చేశాడు. "ఏంట్రా" అంటే "ఉండన్నా" అని ఒక భాగం మడిచి, వెళ్ళి ఆలయం హుండీలో వేసొచ్చాడు. నేను కూడా బ్యాగు తెరిచాను.