ప్రింటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మర్చిపోయాక: నా అనుభవం

ఇంట్లో రౌటర్ మారింది. ప్రింటర్‌కి మారని ఐపీ అడ్రస్ (నెట్‌వర్కులో దాన్ని గుర్తించే అంకెలు) ఒకటి ఇద్దామని దాని సెట్టింగుల పేజీని బ్రౌజర్లో తెరిచాను. టోనర్ ఎంత ఉందో, ఇప్పటిదాకా ఎన్ని పేజీలు వేసిందో అన్నీ కనిపిస్తున్నాయి. ‘నెట్‌వర్క్’ నొక్కగానే మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. ప్రింట్లు మామూలుగానే వస్తుంటాయి కాబట్టి ఈ తాళం ఒకటుందనే మాటే గుర్తుండదు. కొన్న రోజున పెట్టిన పాస్‌వర్డ్ ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

ముందు తేల్చుకోవాల్సింది అసలు ఏ పాస్‌వర్డ్ అడుగుతోందన్నది. ప్రింటర్ చుట్టూ నాలుగు తిరుగుతుంటాయి: ఇంటి వైఫైది, ప్రింటర్ సొంతంగా ప్రసారం చేసే వైఫై డైరెక్ట్‌ది, ఫోన్ యాప్‌లో తెరిచిన ఖాతాది, వీటితో ఏ సంబంధమూ లేని అడ్మిన్‌ది. యాప్ ఖాతా పాస్‌వర్డ్ ఈమెయిల్‌తో మార్చుకోవచ్చు. అడ్మిన్‌ది మాత్రం ప్రింటర్ లోపలి మెమరీలోనే ఉంటుంది. దానికి ‘మర్చిపోయారా?’ అనే లింకు ఉండదు.

పేజీయే తెరుచుకోనివాళ్లు ముందు ప్రింటర్ ప్యానెల్ నుంచి నెట్‌వర్క్ రిపోర్టు ప్రింట్ తీసుకోవాలి. ఐపీ అందులో ఉంటుంది. 192.168.1.12 లాంటి ఆ అంకెలను బ్రౌజర్ అడ్రస్ పట్టీలో కొట్టాలి, వెతికే పెట్టెలో కాదు. ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అన్న హెచ్చరిక వస్తుంది. ప్రింటర్ తన సర్టిఫికెట్‌ (తానెవరో చెప్పే డిజిటల్ పత్రం) మీద తానే సంతకం పెట్టుకుంటుంది కాబట్టి బ్రౌజర్ నమ్మదు. మన ఇంటి నెట్‌వర్కులో, మన ప్రింటర్ ఐపీయే అయితే ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి ముందుకెళ్లవచ్చు. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉంటే మాత్రం ఎన్నిసార్లు కొట్టినా పేజీ రాదు.

తర్వాత లేబుల్. ఫ్యాక్టరీలో పెట్టిన మొదటి పాస్‌వర్డ్ కోసం చూడాల్సింది అక్కడే. పాత బ్రదర్ మోడళ్లలో చాలావాటికి ‘ఇనిట్‌పాస్’ అనే ఒకే మాట ఉండేది. కొత్తవాటిలో వెనకవైపు లేబుల్‌పై ‘పీడబ్ల్యూడీ’ అన్న అక్షరాల పక్కన ఉంటుంది (రోడ్ల శాఖ కాదు, పాస్‌వర్డ్‌కి పొట్టి పేరు). హెచ్‌పీలో యూజర్ పేరు ‘అడ్మిన్’, చిన్న అక్షరాల్లో. పిన్ చాలాసార్లు కార్ట్రిడ్జ్ తలుపు తీస్తే లోపల కనిపిస్తుంది. కానన్, ఎప్సన్ చాలా మోడళ్లలో సీరియల్ నంబరే పాస్‌వర్డ్. నెట్‌కి కలిసే ప్రతి పరికరానికీ విడి పాస్‌వర్డ్ ఉండాలని, లేదా మొదటి వాడకంలోనే మార్పించాలని కాలిఫోర్నియా చట్టం 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందరికీ ఒకే మాట అన్న పద్ధతి పోవడానికి ఇలాంటి నిబంధనలు ఒక కారణం.

లేబుల్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చదవండి. సున్నాకీ ‘ఓ’కీ, ఒకటికీ చిన్న ‘ఎల్’కీ తేడా కంటికి ఆనదు. బ్రౌజర్ పాత పాస్‌వర్డ్‌ని తనంతట తానే నింపేస్తుంటుంది కాబట్టి ఇన్‌కాగ్నిటో విండో వాడాలి. వరసగా తప్పులు కొడితే కొన్ని ప్రింటర్లు కొంతసేపు అసలు లాగిన్ తీసుకోవు. ఆ సమయంలో సరైనది కొట్టినా తప్పనే అంటుంది, మనం దాన్ని జాబితాలోంచి కొట్టేస్తాం. నేను చేసిన పొరపాటు సరిగ్గా అదే. పావుగంట ఆగి లేబుల్ మీదది మళ్లీ ప్రయత్నించాను. అయినా తీసుకోలేదు. ఒకసారి మార్చాక లేబుల్ మీదది చెల్లదు మరి. ఇక మిగిలింది రీసెట్.

ఇక్కడొక హెచ్చరిక. ‘ప్రింటర్ రీసెట్’ అని వెతికితే సగం వీడియోలు ఇంక్ ట్యాంక్ ప్రింటర్ల వేస్ట్ ఇంక్ ప్యాడ్ (వృథా ఇంకును పీల్చుకునే మెత్త) కౌంటర్ గురించే. ఆ ‘రీసెట్టర్’ సాఫ్ట్‌వేర్‌కీ అడ్మిన్ పాస్‌వర్డ్‌కీ సంబంధం లేదు. ఊరూపేరూ లేని సైట్ల నుంచి దాన్ని దించుకుంటే కంప్యూటర్‌కే ముప్పు.

రీసెట్‌కి ముందు సెట్టింగుల రిపోర్టు మొత్తం ప్రింట్ తీసిపెట్టుకోవాలి. స్కాన్ పంపే ఫోల్డర్ల దారులు, ఈమెయిల్ సర్వర్ వివరాలు, అడ్రస్ బుక్ అన్నీ పోతాయి. ప్యానెల్లో రెండు మూడు రకాల రీసెట్లు కనిపిస్తాయి. మొదట ‘నెట్‌వర్క్ రీసెట్’ చేయండి, కొన్ని మోడళ్లలో దాంతోనే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మొదటికొస్తుంది. నా దాంట్లో వైఫై పోయింది, పాస్‌వర్డ్ మాత్రం కదల్లేదు. ‘ఫ్యాక్టరీ రీసెట్’ చేశాకే దారికొచ్చింది. అది నడుస్తున్నంతసేపూ కరెంటు పోకూడదు, ఇన్వర్టర్ లైన్ మీద పెట్టుకుంటే మంచిది (లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఎక్కువ లోడు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ అయితే వద్దు). ప్యానెల్‌కే తాళం వేసి ఉండి రీసెట్ కూడా పాస్‌వర్డ్ అడిగితే బిల్లు, సీరియల్ నంబరు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లాల్సిందే.

రీసెట్ అయ్యాక భాష, దేశం, తేదీ ఎంచుకుని వైఫై కలపాలి. రెండు లైన్ల చిన్న స్క్రీన్ మీద బాణాలతో వైఫై పాస్‌వర్డ్ కొట్టడం నరకం. రౌటర్‌కి డబ్ల్యూపీఎస్ బటన్ ఉంటే ప్రింటర్లో ఆ ఎంపిక మొదలుపెట్టి, రెండు నిమిషాల్లోపు దాన్ని నొక్కితే సరి. చాలా ఇంటి ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. కొత్త రౌటర్ డబ్ల్యూపీఏ3 (కొత్త వైఫై భద్రతా పద్ధతి) మాత్రమే అన్న సెట్టింగులో ఉంటే పాత ప్రింటర్ కలవదు, డబ్ల్యూపీఏ2 కూడా ఒప్పుకునేలా మార్చాలి.

ఇప్పుడు లేబుల్ పాస్‌వర్డ్ పనిచేస్తుంది. అలాగే వదిలేయొద్దు. 2025 జూన్‌లో రాపిడ్7 అనే భద్రతా సంస్థ బయటపెట్టిన లోపంలో, వందల బ్రదర్ మోడళ్ల మొదటి పాస్‌వర్డ్‌ని సీరియల్ నంబరు నుంచే లెక్కకట్టవచ్చని తేలింది. అప్పటికే తయారైన యంత్రాలకు ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో అది పూర్తిగా పోదు, పాస్‌వర్డ్ మార్చుకోవడమే దారి. కొత్తదాంట్లో అక్షరాలు, అంకెలే వాడాను. కొన్ని గుర్తులు ప్యానెల్ మీద కొట్టడానికే ఉండవు. పాస్‌వర్డ్ మేనేజర్లో దాన్ని ఐపీ పేరుతో కాకుండా మోడల్ పేరుతో దాచాను, ఐపీ మారితే మళ్లీ దొరకదని.

ఇక ఐపీ. ప్రింటర్లో పెట్టడం కన్నా రౌటర్లోనే దాని మ్యాక్ అడ్రస్‌కి (తయారీలోనే ఇచ్చిన గుర్తింపు సంఖ్యకి) రిజర్వ్ చేయడం మేలు. ఇంకోసారి రీసెట్ చేయాల్సివచ్చినా అదే ఐపీ వస్తుంది. అంతా అయ్యాక విండోస్ ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తే కంగారు పడొద్దు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్ తెరిచి చూస్తే, పాత ఐపీనే పట్టుకుని కూర్చుని ఉంటుంది. కొత్త ఐపీతో టీసీపీ/ఐపీ పోర్టు ఒకటి జోడించి టిక్ పెడితే, క్యూలో ఆగిపోయినవన్నీ వరసగా బయటికొస్తాయి. ట్రేలో కాగితాలున్నాయో లేదో ముందే చూసుకోండి.