వాట్సాప్‌లో మిగిలిన గొంతుతో శోకం

మన వైపు చావింట్లో ఏడుపుకి ఒక రాగం ఉంటుంది. ఒకావిడ మొదలెడితే పక్కావిడ అందుకుంటుంది. చివరి అచ్చు సాగి సాగి, ఊపిరి అయిపోయిన చోట తెగుతుంది. కరోనాలో చాలా ఇళ్లకి శవమే రాలేదు, ఆ రాగానికీ చోటు లేకపోయింది. మిగిలినవి ఫోన్లో వాయిస్ మెసేజ్‌లే. వాటిని ముక్కలుగా కోసి, తిప్పి తిప్పి వినిపించి ఒక శోకగీతం చేద్దామనుకునేవాళ్ల కోసం ఈ పోస్టు.

ముందు అమెరికన్ గాయని డయమాండా గలాస్‌ని వినండి. ఆమె తోడబుట్టినవాడు 1986లో ఎయిడ్స్‌తో పోయాడు. 1990 అక్టోబరులో న్యూయార్క్ సెయింట్ జాన్ ద డివైన్ కెథెడ్రల్‌లో ఆమె 'ప్లేగ్ మాస్' పాడింది. అందులో ఓదార్పు తక్కువ, కోపం ఎక్కువ. మన శోకాల్లోనూ దేవుణ్ణి నిలదీస్తారు కదా.

ఇక పని. వాట్సాప్ గొంతు సాధారణంగా సెకనుకి 16 వేల నమూనాలతో (16 కిలోహెర్ట్జ్) దాచిన మోనో ఓపస్ ఆడియో ఫైలు. అందులో సగం దాకానే శబ్దం పడుతుంది, కాబట్టి 8 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. రెండు చోట్ల కాపీ దాచాక, వేవ్‌లోకి మార్చి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్లో తెరవండి. అందులో గరగర తగ్గించే నాయిస్ రిడక్షన్ జోలికి పోవద్దు. అది ముందు ఊపిరిని తినేస్తుంది, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టవుతుంది.

"అన్నం తిన్నావా" అన్న ముక్క ఉందనుకోండి. మొత్తం వాక్యం, వెనక నిశ్శబ్దంతో కలిపి 7 సెకన్ల లూప్ (మళ్లీమళ్లీ తిరిగే ముక్క). మనిషే సాగదీసి పలికిన "వా", నిశ్శబ్దంతో కలిపి 11 సెకన్లు. మాటకి ముందు పీల్చిన ఊపిరి, మళ్లీ నిశ్శబ్దంతో, 13 సెకన్లు. మూడూ ఒకేసారి మొదలైతే, మళ్లీ అదే వరసలో కలవడానికి 1001 సెకన్లు, అంటే 16 నిమిషాల 41 సెకన్లు పడుతుంది. అదే 6, 8, 12 తీసుకుంటే 24 సెకన్లకే కలిసిపోతాయి, చెవి పట్టేస్తుంది, శోకం కాస్తా తాళమైపోతుంది. అతుకు దగ్గర టిక్కుమంటే ఒక కొస తగ్గుతుంటే రెండోది పెరిగేలా 20 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ చాలు. స్పీడు 90 శాతం కంటే తగ్గించకండి. సగానికి తెస్తే 4 కిలోహెర్ట్జ్ పైన ఖాళీ, మనిషి పోల్చుకోలేనంతగా మారిపోతాడు.

కింద పరచడానికి విశాఖ ఆర్కే బీచ్ అలలు బావుంటాయి, కానీ గాలి పాడుచేస్తుంది. స్పాంజి తొడుగు చాలదు, బొచ్చు విండ్‌షీల్డ్ కావాలి. లెవెల్ పీక్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి. గాలి కొట్టి క్లిప్ అయిన (హద్దు దాటి చిట్లిన) శబ్దాన్ని ఏ ఫిల్టరూ బాగుచెయ్యదు. తర్వాత 80 హెర్ట్జ్ కింద కొయ్యండి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య అలల్ని 6 డెసిబెల్స్ దించండి, లేకపోతే హల్లులు మునిగిపోతాయి. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల డీజిల్ ఇంజిన్లు మంచి డ్రోన్ (ఆగకుండా సాగే శ్రుతి). ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు వెళ్తే ఆ మోత దొరకదు.

రివర్బ్ (ప్రతిధ్వని) ప్లగిన్లు పోగెయ్యడం నాకు నచ్చదు. అపార్ట్‌మెంట్ మెట్లే నయం: మూడో అంతస్తులో స్పీకరు, కింద రికార్డరు. లిఫ్టు తిరగని వేళ చూసుకోండి, మోటారు హమ్ పడుతుంది. పక్క ఫ్లాట్లవాళ్లకి ముందే చెప్పండి. పోయినాయన గొంతు అర్ధరాత్రి మెట్లమీద వినబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చివర్లో మెల్లగా తగ్గించే ఫేడ్ ఔట్ వద్దు. ముందు వాక్యాన్ని ఆపండి, తర్వాత "వా"ని. ఊపిరి లూప్‌ని ఒంటరిగా ఇంకో రెండు చుట్లు, 26 సెకన్లు తిరగనిచ్చి, పీల్చిన చోటే కొయ్యండి.