అర్దాస్‌లో లేని పేర్లు

సిక్కుల నిత్య ప్రార్థనను అర్దాస్ అంటారు. గురుద్వారాలో కీర్తన పూర్తయ్యాక అందరూ లేచి, తమ పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ వైపు తిరిగి చేతులు జోడిస్తారు. ఒకరు ముందు నిలబడి చెబుతారు. మగవాళ్లే చెప్పాలని గానీ, ఆ గ్రంథాన్ని చదివే గ్రంథీయే చెప్పాలని గానీ నియమం లేదు. మధ్యమధ్యలో అందరూ కలిసి 'వాహెగురు' అని దేవుణ్ణి తలుచుకుంటారు. కొద్ది నిమిషాల ప్రార్థనే. కానీ ఆ కొద్ది నిమిషాల్లో పంజాబ్ నేల ఐదు వందల ఏళ్లుగా పడ్డ బాధ దేవుడి ముందుకు వస్తుంది.

మొదటి పంక్తులు దశమ గ్రంథంలోని 'చండీ దీ వార్'లోవి. దుర్గాదేవి యుద్ధాన్ని పాడే ఆ కావ్యం మొదట్లో గురు నానక్ నుంచి గురు తేగ్ బహదూర్ దాకా తొమ్మిది మంది గురువుల స్మరణ ఉంటుంది. పదో గురువు గోబింద్ సింగ్ పేరు ఆ తర్వాత చేరింది. మిగతా ప్రార్థన ఏ ఒక్కరూ కూర్చుని రాసింది కాదు. ఒక్కో తరం తన గాయాన్ని తెచ్చి ఒక్కో వాక్యంగా కలుపుతూ వచ్చింది.

గురువుల తర్వాత పంచ ప్యారేలను తలుచుకుంటారు. 1699 వైశాఖీ నాడు ఆనంద్‌పూర్‌లో తల ఇచ్చేదెవరని గురు గోబింద్ సింగ్ అడిగితే లేచి నిలబడిన ఐదుగురు వాళ్లు. ఒకరు లాహోర్, ఒకరు హస్తినాపురం, ఒకరు ద్వారక, ఒకరు పూరీ, ఒకరు మన పొరుగున ఉన్న బీదర్. తర్వాత గురువుగారి నలుగురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరూ చమ్‌కౌర్ యుద్ధంలో పోయారు. చిన్నవాళ్లు జోరావర్ సింగ్, ఫతే సింగ్‌లను సర్హింద్‌లో గోడలో పెట్టి ఇటుకలు పేర్పించారు. మతం మారితే వదిలేస్తామన్నారు. ఆ పసివాళ్లు మారలేదు. ఆ తర్వాత నలభై మంది ముక్తులు. ఆనంద్‌పూర్ ముట్టడిలో ఆకలికి తాళలేక 'నువ్వు మా గురువువి కావు' అని రాసిచ్చి వెళ్లిపోయి, మాయీ భాగో అనే స్త్రీ మందలిస్తే తిరిగొచ్చి పోరాడి చనిపోయినవాళ్లు. ఆ కాగితాన్ని గురువు చించేశాడు. వెళ్లిపోయినందుకు కాదు, తిరిగొచ్చినందుకు వాళ్లను రోజూ తలుచుకుంటున్నారు.

ఆ పైన వినడానికే కష్టమయ్యే భాగం వస్తుంది. ధర్మం కోసం తలలిచ్చినవారు, కీలు కీలు కోయించుకున్నవారు, తలపై చర్మం ఒలిపించుకున్నవారు, చక్రాలకు కట్టి చంపినా, రంపాలతో కోసినా ధర్మం వదలనివారు, వాళ్ల త్యాగాన్ని తలుచుకుని వాహెగురు అనండి అంటారు. ఇందులో ఏదీ అలంకారం కాదు. 1675లో ఢిల్లీలో భాయీ మతీ దాస్‌ను నిజంగానే రంపంతో కోశారు. కశ్మీరీ పండితుల కోసం నిలబడినందుకు గురు తేగ్ బహదూర్ తల తీశారు. లాహోర్‌లో భాయీ మనీ సింగ్‌ను కీలు కీలుగా నరికారు. 1745లో భాయీ తారూ సింగ్ జుట్టు కత్తిరించనివ్వకపోతే తల చర్మంతో సహా ఒలిచారు.

ఈ ప్రార్థనను మొదటిసారి అర్థం తెలుసుకుంటూ చదివినప్పుడు నన్ను ఆపేసినది మాత్రం వేరే ఉంది. చంపినవాళ్ల పేర్లు ఇందులో ఎక్కడా లేవు. జహంగీర్ లేడు, ఔరంగజేబు లేడు, సర్హింద్ నవాబు వజీర్ ఖాన్ లేడు, లాహోర్ సుబేదారు జకరియా ఖాన్ లేడు. చరిత్ర పుస్తకాల్లో అందరూ ఉన్నారు. ఊరూరా తిరిగి పాడే ఢాడీ గాయకులు గొంతెత్తి ఆ పేర్లు చెబుతారు. మరిచిపోవడం ఎంతమాత్రం కాదు. దేవుడి ముందు నిలబడినప్పుడు మాత్రం ఆ పేర్లు ఎత్తరు.

అమరులను తలిచేటప్పుడు వాళ్ల గుణాలుగా చెప్పేవి కొన్నున్నాయి. నామం జపించారు, పంచుకుని తిన్నారు, అందరికీ అన్నం పెట్టే లంగర్ నడిపారు, కత్తి పట్టారు. ఆ వరసలోనే 'దేఖ్ కే అణ్‌డిఠ్ కీతా' అంటారు. ఎదుటివారి తప్పు చూసి కూడా చూడనట్టు ఉన్నవారని. కత్తి పట్టిన వెంటనే ఈ మాట రావడం దగ్గర నాకు భాయీ కన్హయ్యా గుర్తొస్తాడు. ఆనంద్‌పూర్ యుద్ధంలో గాయపడ్డ శత్రు సైనికులకు కూడా నీళ్లు పోస్తున్నాడని ఆయన మీద గురువుకు ఫిర్యాదు వెళ్లింది. 'నాకు అందరిలో మీ ముఖమే కనిపిస్తోంది' అన్నాడట. గురువు ఆయనకు మందు కూడా ఇచ్చి, గాయాలకు రాయమన్నాడని సిక్కులు చెప్పుకుంటారు.

పంజాబీలు పగ తీర్చుకోలేదని నేననడం లేదు. మన గోదావరి ఒడ్డున నాందేడ్‌లో బైరాగిగా ఉన్న మాధోదాస్, గురు గోబింద్ సింగ్‌ను కలిసి బందా సింగ్ అయ్యాడు. 1710లో వజీర్ ఖాన్‌ను చంపి సర్హింద్‌ను పట్టుకున్నాడు. 1947లో ఆ నేల మీద అటువాళ్లు, ఇటువాళ్లు ఒకరినొకరు నరుక్కున్నారు. అంత కసి తెలిసిన మనుషులు రోజూ పొద్దునా సాయంత్రం చెప్పుకునే ప్రార్థన ఇది. అందుకే నాకు దీని మీద అంత గౌరవం.

విభజన కూడా అర్దాస్‌లోకి వచ్చింది. గురు నానక్ 1469లో పుట్టిన నన్కానా సాహిబ్ పాకిస్తాన్‌లో ఉండిపోయింది. 'మా నుంచి విడిపోయిన నన్కానా సాహిబ్, ఇతర గురుద్వారాల స్వేచ్ఛా దర్శనం, సేవాభాగ్యం ప్రసాదించు' అనే వాక్యం అప్పుడు చేరింది. ఎవరు విడదీశారో ఇక్కడా చెప్పరు. గురు నానక్ చివరి ఏళ్లు గడిపిన కర్తార్‌పూర్‌ను భక్తులు ఏళ్ల తరబడి సరిహద్దు ఇవతల డేరా బాబా నానక్ నుంచి బైనాక్యులర్స్‌లో చూసి దండం పెట్టుకున్నారు. 2019 నవంబర్ 9న అక్కడికి వెళ్లే దారి, కర్తార్‌పూర్ కారిడార్, తెరుచుకుంది.

మనం పూజలో దేశం, కాలం, గోత్రం చెప్పుకుని మన కోరికకు వస్తాం కదా. అర్దాస్‌లోనూ ఇంత చరిత్ర అయ్యాక ఆ రోజు పని చెప్పుకుంటారు. బిడ్డ పుట్టిందనో, పెళ్లనో, పరీక్షలనో, ప్రయాణమనో. సొంత టెన్షన్ చెప్పుకునే ముందు ఇంతమందిని తలుచుకుంటే ఆ కోరిక కూడా మెత్తబడుతుందని నా నమ్మకం. 'మనసు వినయంగా ఉండనీ, బుద్ధి ఉన్నతంగా ఉండనీ' అని కూడా అడుగుతారు. చివరి మాట 'తేరే భాణే సర్బత్ దా భలా', నీ సంకల్పంలో అందరికీ మేలు జరగాలని.

అందరిలో ఎవరెవరు ఉన్నారో సర్హింద్ దగ్గరి మలేర్‌కోట్లా చూస్తే తెలుస్తుంది. అక్కడి నవాబు షేర్ మొహమ్మద్ ఖాన్ గురు గోబింద్ సింగ్‌కు ఎదురు పక్షాన యుద్ధం చేసినవాడే. అయినా గురువుగారి ఆ పసిపిల్లలకు శిక్ష వేస్తుంటే ఇది అన్యాయమని సభలో లేచి చెప్పాడు. ఆయన పేరు కూడా అర్దాస్‌లో లేదు. కానీ 1947లో చుట్టూ పంజాబ్ తగలబడుతున్నప్పుడు మలేర్‌కోట్లా ముస్లింల జోలికి ఎవరూ పోలేదు. ఆ నవాబు అన్న ఒక్క మాటకు గురువు ఇచ్చిన దీవెన వల్లేనని అక్కడి సిక్కులూ ముస్లింలూ ఇప్పటికీ చెబుతారు.