గట్టిగా చీదినందుకేనా?

ఆ పొద్దున నేను చేసిందల్లా ముక్కు చీదడమే. నాలుగు రోజులుగా జలుబు. పెరట్లో కుళాయి దగ్గర వంగి గట్టిగా చీదాను. మెడ వెనక ఎవరో రోకలితో మోదినట్టయింది. నిజంగానే ఎవరో కొట్టారనుకుని వెనక్కి తిరిగి చూశాను. వెంటనే వాంతి.

"పైత్యమేమోనండీ, నిమ్మరసం తాగండి" అంది మా ఆవిడ. వీధి చివరి డాక్టరు పార్శ్వపు నొప్పి అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. నాకూ ఆ మాటే నచ్చింది. సాయంత్రానికి మెడ వంగలేదు, గడ్డం ఛాతీకి ఆనలేదు. మా బావమరిది ఇక నా మాట వినకుండా కారెక్కించి గుంటూరు తీసుకెళ్లాడు. సీటీ తీస్తే మెదడు చుట్టూ రక్తం.

"రక్తనాళం మీద బుడగ పగిలింది. పాత సైకిల్ ట్యూబు ఒకచోట ఉబ్బుతుందే, అలాంటిది" అన్నారు న్యూరో డాక్టరు. పుర్రె తెరవలేదు. గజ్జల దగ్గర్నుంచి సన్నటి గొట్టం పైకి పంపి, ప్లాటినం తీగచుట్టలతో బుడగని పూడ్చారు. తరవాత నిమోడిపిన్ మాత్రలు, నాలుగు గంటలకోసారి, 21 రోజులు. రక్తస్రావం తరవాత నాళాలు బిగుసుకుపోతే పక్షవాతం రావచ్చట. అర్ధరాత్రి నర్సమ్మ లేపినప్పుడల్లా విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా కారణం వెతికేవాళ్లు. కాఫీలు ఎక్కువంటాడొకడు, కొడుకు మీద అరిచావు కదా అంటుందొకావిడ. నవ్వుకున్నాను గానీ, 2011లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఇలా బుడగ పగిలిన 250 మందిని అడిగి తేల్చినవీ అవే: కాఫీ, కోలా, కోపం, శృంగారం, కష్టమైన వ్యాయామం, విరోచనానికి ముక్కడం, ఉలిక్కిపడడం. నా చీదుడూ అందులో ఉంది! వీటిలో చాలావాటికి బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది, బలహీనమైన గోడ తట్టుకోలేదు.

"అయితే చీదకుండా ఉంటే?" అని డాక్టర్ని అడిగాను.

"ఇంకోరోజు ఇంకోటయ్యేదేమో. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?"

రెండు నెలలుగా మానేశాను. తల తిరగడం లేదు కదా, ఎందుకులే అని. సిగరెట్లు మాత్రం మానలేదు. ఆ సంగతి అడిగినవాళ్లు లేరు, నేనూ చెప్పలేదు. మా ఆవిడ పక్కనే నిలబడి నేల చూస్తోంది.

ఏడాదిన్నరయింది. ఎడమ కన్ను అప్పుడప్పుడు మసకేస్తుంది, సాయంత్రానికి నీరసం. సిగరెట్ పోయింది, కాఫీ మిగిలింది. మా ఆవిడ కాఫీ గ్లాసు పక్కనే బీపీ మాత్ర పెడుతుంది. అది మింగేదాకా గ్లాసు మీద చెయ్యి తియ్యదు.