బండికెక్కని మగ్గం గుంట

1921లో చీరాల, పేరాల ప్రజలు మునిసిపల్ పన్నుల పెంపును నిరసిస్తూ ఇళ్లు విడిచి పొలిమేర దాటిన ఉదంతం మీద కొంతకాలంగా ఒక కథ రాస్తున్నాను. మొదటి ప్రతిలో ఆ పోరాటాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, ఆయన కూర్చిన స్వచ్ఛంద సేవకుల దళం రామదండు, ఏప్రిల్‌లో గాంధీజీ రాక, ఉపన్యాసాలు అన్నీ ఉన్నాయి. కథ మాత్రం లేదు. పరాయి పాలనను ఎదిరించిన సామాన్యుల గురించి రాస్తూ, వారిని సభలో జేజేలు పలికే గుంపుగా మిగిల్చానని గ్రహించాక ఆ ప్రతిని పక్కన పెట్టేశాను.

రెండోసారి మగ్గం దగ్గర మొదలుపెట్టాను. చీరాల నేతకు పేరుపడ్డ ఊరు. గుంట మగ్గం మీద నేసే మనిషి నేలమట్టాన కూర్చుని, కాళ్లు గుంటలోకి జార్చి, అడుగునున్న కర్రలు తొక్కుతూ నేస్తాడు. అడ్డదారం నడిపే నాడెను, చుట్టిన పడుగును (నిలువు దారాలను), మగ్గం కర్రలను బండికెత్తవచ్చు గాని, గుంటను ఎత్తుకుపోవడం ఎవరి తరమూ కాదు. కొత్తచోట మళ్లీ తవ్వుకోవాలి. పాక కప్పు కారితే ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి, నూలు తడుస్తుంది, నేత ఆగిపోతుంది, నేత ఆగితే ఇంట్లో పొయ్యి వెలగదు. పడుగు సాచి గంజి పెట్టుకోవడానికి పొడవాటి జాగా కూడా వెతుక్కోవాలి. పోరాటం బరువంతా నాకు ఇక్కడే కనిపించింది.

రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసిన మద్రాసు ప్రభుత్వం, ఏటా సుమారు 4,000 రూపాయలున్న పన్నుల భారాన్ని 40,000 దాకా పెంచింది. పన్ను కట్టనని జైలుకు వెళ్లిన వారిలో రావూరి అలమేలుమంగమ్మ గారు కూడా ఉన్నారు. సుమారు 15,000 జనాభాలో అత్యధికులు కదిలిపోయి, మునిసిపల్ హద్దుల వెలుపల రామనగర్ పేరుతో గుడిసెలు వేసుకుని దాదాపు 11 నెలలు గడిపారు. పదకొండు నెలలంటే ఎండ, వాన, చలి మూడూ ఆ గుడిసెల మీదుగానే వెళ్లాయి. ఆ కాలంలో పురుళ్లూ చావులూ కూడా అక్కడే జరిగి ఉంటాయి గదా అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదలలేదు.

జనం ఊరు దాటిన రోజుతో కథ ముగిస్తే బాగుంటుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేకపోయాను. గోపాలకృష్ణయ్య గారు జైలు పాలయ్యారు, కష్టాలు ముదిరాయి, జనం తిరిగి వచ్చారు, మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది. ఆ తిరుగు ప్రయాణాన్ని దాచిపెడితే, వారు అంతకాలం ఓర్చుకున్నదానికి నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. కాబట్టి చివరి ఘట్టంలో నా కథలోని నేతగాడి భార్య పాత ఇంటి తాళం తీసి, ఎవరితోనూ మాట్లాడకుండా, పూడిపోయిన గుంటలోని మట్టిని తట్టకెత్తుతూ ఉంటుంది.